షార్త్ర దేవాలయ గాథలు – చరిత్ర

క్రీ. శ. 1712వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమునందలి షార్త్ర నగరములో ఒక పేటికను తెఱచి చూచిరి. క్రీస్తు జన్మించిన నాడు మరియమాత ధరించిన అంగీ ఆ పేటికలో నున్నదని ఆ నగరవాసులు అనేక శతాబ్దులుగా విశ్వసించుచుండిరి. యాత్రికులు దూరదేశములనుండి వచ్చి పేటికకు మ్రొక్కి, తిరిగి పోవునపుడు చిన్న అంగీ ఆకారముననున్న బిళ్లలను వెంట గొనిపోవుచుండిరి. పేటిక తెఱచినపుడు లోపల కనబడినది అంగీ కాదు. కుట్టుపని ఏమియు లేని పొడవైన పట్టుబట్ట.

విశ్వాసము అంతటితో సడలియుండవలెనని మనము తలంతుము. అట్లు జరుగలేదు. నాటినుండి 'అంగీ' యను మాట వెనుకకు జరిగి 'మేలిముసుగు' అను మాట ముందునకు వచ్చినది. పూజ యథాప్రకారము సాగినది. ఆ వస్త్రఖండము నేటికిని ఆ దేవాలయముననే యున్నది. ఈ చిన్న సంఘటనలో ఐతిహ్యముల స్వభావమునుగూర్చిన పెద్ద ప్రశ్న యొకటి ఇమిడియున్నదని మాకు తోచినది. అంగీని ఎన్నడును చూడని వారు అంగీకథను ఏల చెప్పిరి? ఎవరికి చెప్పిరి? అది చెప్పవలసిన అవసరము ఎప్పుడు కలిగినది?

మన పరిశోధకులలో స్థలపురాణములను, కైఫీయత్తులను ఉపయోగించుకొను వారు సామాన్యముగా ఒక పద్ధతిని అవలంబించుచున్నారు. కథనుండి అద్భుతాంశమును తొలగించి, మిగిలిన దానిని చరిత్రగా స్వీకరించుట ఆ పద్ధతి. దేవుడు కలలో కనబడెనను మాటను విడిచి, రాజు గుడి కట్టించెనను మాటను తీసికొందురు. దీనిని మేము 'వడపోత' అందుము. చూచుటకు ఇది మిక్కిలి యుక్తియుక్తముగా నుండును. కాని వడపోతలో మిగిలినది నమ్మదగినదిగా నుండుటకును, నిజమగుటకును సంబంధము లేదు. ఈ మాటను నిరూపించుటకు షార్త్ర దేవాలయమువంటి ఉదాహరణము అరుదు. ఏలయన అచ్చట గాథలును దొరకుచున్నవి. ఆ గాథలు ఏ కాలమున, ఎవరి చేతిమీదుగా, ఎట్లు మాఱినవో తెలుపు గ్రంథములును దొరకుచున్నవి.

పారిసునకు నైరృతి దిశను సుమారు 80 కిలోమీటర్ల దూరమున, బోస్ అను గోధుమ మైదానములో, యూర్ నది యొడ్డున ఈ నగరమున్నది. బాటసారికి ఊరు కనబడకమునుపే పైరుల మీదుగా రెండు శిఖరములు కనబడును. అవి సరిజోడు కావు. దక్షిణశిఖరము 12వ శతాబ్ది నాటిది, నిరాడంబరమైనది, ఎత్తు సుమారు 105 మీటర్లు. ఉత్తరపు శిఖరము 1506లో పిడుగుపడి కాలిపోగా, జాన్ ద బోస్ అను శిల్పి మఱుసటి సంవత్సరమున ఆరంభించి 1513 నాటికి ముగించిన క్రొత్త శిఖరము సుమారు 113 మీటర్లు లేచినది. పిడుగు మాట వచ్చినది గనుక చెప్పుదుము: ఈ దేవాలయ చరిత్రలో ముఖ్యఘట్టములన్నియు అగ్నిప్రమాదములే. 858లో నార్మనులు కాల్చిరి. 1020లో మఱల కాలినది. అప్పటి బిషప్పు ఫుల్బెర్టు విశాలమైన క్రొత్త ఆలయమును ఆరంభించి, దూరముననున్న ఇంగ్లండు రాజు క్నూటు నుండి సైతము ధనసహాయము పొందెను. అతడు రాజునకు వ్రాసిన కృతజ్ఞతాలేఖ నిలిచియున్నది. 1134లో నగరము కాలి ఆలయపు పడమటి భాగము పునర్నిర్మాణమునకు కారణమైనది. 1194 జూన్ 10వ తేదీ రాత్రి జరిగిన అగ్నిప్రమాదమున, పడమటి ముఖమును భూగృహమును తప్ప తక్కిన ఆలయమంతయు నశించినది. నేడు మనము చూచునది తరువాత కట్టిన కట్టడము. ప్రధాన నిర్మాణము 1220 ప్రాంతమునకు ముగిసినది. 1260 అక్టోబరు 24న ప్రతిష్ఠ జరిగినది. 1836లో కప్పునందలి కలపయంతయు భస్మమైపోగా, ఇనుప చట్రము పైన రాగిరేకులు పఱచిరి.

ఇక అంగీకథ. 876లో చక్రవర్తి 'బట్టతల' చార్లెసు దానిని షార్త్రకు ఇచ్చెనని సంప్రదాయము. దాని మొదటి మహిమ 911వ సంవత్సరమున కనబడినది. నార్మను నాయకుడు రోలో నగరమును ముట్టడింపగా, బిషప్పు అంగీని చేపట్టి బయటికి వచ్చెననియు, శత్రువులు కలవరపడి పాఱిపోయిరనియు గాథ. రోలో ఆ సంవత్సరమున షార్త్రయొద్ద ఓడిపోయిన మాట చారిత్రక సత్యము. ఆ వెనుకనే అతడు ఫ్రెంచిరాజుతో సంధి చేసికొని, పిమ్మట నార్మండీ యని పేరొందిన భూమిని పొందెను.

ఈ గాథను మొదట విపులముగా చెప్పినవారిలో డ్యూడో ఒకడు. అతని కథనములో ఫ్రాంకుల సేనయు, బర్గండీ సేనయు యుద్ధరంగమున నున్నవి. పోరు సాగుచుండగా బిషప్పు సిలువతోను అంగీతోను నగరమునుండి వెలువడి శత్రువుల వెనుకభాగమున తాకినాడు. సుమారు నూఱు సంవత్సరముల తరువాత, 1125 ప్రాంతమున, ఇంగ్లండున మామ్స్‌బరీ మఠమునందలి విలియమ్ ఇదే కథను చెప్పినాడు. అతని కథలో సేనలు అదృశ్యమైనవి. పౌరులు ఆయుధములను గాని గోడలను గాని నమ్మక, అంగీని జెండావలె కోటగోడపై నిలిపినారు. శత్రువులు నవ్వుచు దానిపై బాణములు వేసి చూపు కోల్పోయినారు. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో అద్భుతము పెరిగినకొలది మనుష్యులు తగ్గిపోవుట కనబడును.

అయినచో డ్యూడో కథనమునుండి అంగీని తొలగించి, సేనలను మాత్రము ఉంచుకొన్నచో శుద్ధచరిత్ర లభింపదా యని వడపోతవాదులు అడుగవచ్చును. ఈ సందర్భమున సేనలున్నమాట ఇతరాధారములవలన తెలిసినదే. డ్యూడో అవసరము అందులకు లేదు. డ్యూడో అవసరము మఱొక విషయమునకు కలదు. అతడు ఎవరికొఱకు వ్రాసినాడు? రోలో మనుమడైన మొదటి రిచర్డు ప్రభువు కోరగా, ఆ వంశమును కీర్తించుటకు వ్రాసినాడు. వంశకర్త ఓడిపోయిన యుద్ధమును వంశచరిత్రలో ఎట్లు చెప్పవలెను? మానవులచేతిలో ఓడినచో అవమానము. దైవమాత యెదుట ఓడినచో, పిమ్మట ఆమె మతమునే స్వీకరించిన వానికి అది అవమానము కాదు, పిలుపు. అంగీ షార్త్రకు ఎంత అక్కఱకు వచ్చినదో, రోలో సంతతికిని అంత అక్కఱకు వచ్చినదని మా ఊహ. కథనుండి అంగీని తీసివేసిన పరిశోధకుడు ఈ రాజాస్థానపు అవసరమును కూడ తీసివేసినవాడగును. డ్యూడో గ్రంథమునుండి మనకు నిశ్చయముగా దొరకగలిగిన చరిత్ర ఆ యవసరమే.

1194 నాటి ప్రమాదమునుగూర్చి చెప్పు గ్రంథము ఇంతకంటె విలువైనది. 'షార్త్ర మరియమాత మహిమలు' అను లాటిన్ వచనగ్రంథము 13వ శతాబ్ది తొలిదశలలో ఆలయమునకు చెందిన వా రెవరో వ్రాసినది. కర్త పేరు లేదు. అది చిరకాలము మఱుగుపడియుండగా, అంత్వాన్ తొమా అను పండితుడు వాటికన్ గ్రంథాలయపు వ్రాతప్రతినుండి 1881లో ప్రకటించెను. జాన్ లె మర్షాన్ అను కవి దీనిని 13వ శతాబ్ది నడుమ ప్రాచీన ఫ్రెంచి పద్యములుగా ననువదించెను. ఆ పద్యానువాదమే ముందుగా, 1855లో, అచ్చుపడినది. మూలము వెలుగు చూడక మునుపే అనువాదము ప్రసిద్ధి చెందుట మన వాఙ్మయమునను ఎఱుగని విషయము కాదు.

గ్రంథకర్త చెప్పిన కథ యిది. ఆలయము కాలిపోయినది. అంగీ కాలిపోయినదని అందఱును తలచిరి. పౌరులకు తమ ఇండ్లు పోయిన దుఃఖముకంటె ఈ దుఃఖము ఎక్కువైనది. ఈ నగరము ఇక నగరము కాదనుకొనిరి. ఇండ్లు మఱల కట్టుకొనుటయే వ్యర్థమని భావించిరి. ఆ సమయమున పోపు ప్రతినిధియైన మెలియోర్ అను కార్డినల్ అచ్చటనుండెను. అతడు బిషప్పునకును, ఆలయాధికారులగు కానన్ల మండలికిని హితము చెప్పగా, వారు తమ ఆదాయములో పెద్దభాగమును మూడు సంవత్సరములు నిర్మాణమునకు ఇచ్చుట కంగీకరించిరి. పిమ్మట ఒక పండుగనాడు జనులందఱు సమావేశమైయుండగా అంగీపేటికను మోసికొనుచు ఊరేగింపు వచ్చినది. మంటలు లేచిన సమయమున కొందఱు ఆ పేటికతో భూగృహములోనికి దిగి, పైన ఆలయము కూలుచుండగా లోపల సురక్షితముగా నుండిరట. జనులు కన్నీరు కార్చుచు మోకరిల్లి, ఆలయమును కట్టెదమని ప్రతిన పూనిరి.

పేటికను భద్రపఱచినవారు భూగృహమునుండి వెలికివచ్చుటకును, దానిని జనులకు చూపుటకును నడుమ ఎన్ని దినములు గడచినవో కర్త స్పష్టముగా చెప్పడు. ఆదాయమునుగూర్చిన అంగీకారము ముందు, దర్శనము తరువాత. ఈ క్రమము కాకతాళీయమని మేము నమ్మజాలము. అయినను దీనిని మోసమని కొట్టివేయుటయు తొందరపాటే. భూగృహమునందలి కప్పు దృఢమైనది. అందు దాగినవారు బ్రతుకుట అసంభవము కాదు. మేము చెప్పునది వేఱు. సభను సిద్ధపఱచి, మాటాడవలసిన మాటను మాటాడి, చూపవలసిన వేళకు చూపుట ఎఱిగినవా రచ్చట నుండిరి. వారి నైపుణ్యము లేనిచో అంగీ మిగిలియు ఆలయము లేవకపోయెడిది.

గ్రంథమందలి తరువాతి మాట మఱింత విలువైనది. మూడు సంవత్సరములు గడచినవి. కానన్ల గడువు తీఱినది. ధనము నిండుకొన్నది, పనివారికి కూలి యిచ్చుటకు లేదు. అప్పుడు మరియమాత మహిమలు ఆరంభమైనవని కర్త తానే వ్రాసినాడు. ఇంతటి నిష్కాపట్యము మాహాత్మ్య గ్రంథములలో తఱచు కనబడదు. అద్భుతము ఎప్పుడు జరిగినదో, ఏల జరుగవలసివచ్చినదో ఒక్క వాక్యమున తెలిసిపోవుచున్నది. కర్త దానిని దాచదలచుకొనలేదు. దాచవలసినదని అతనికి తోచనేలేదు. కూలి చెల్లించుటకు దైవమాత సహాయపడుట అతని దృష్టిలో లోకసహజము.

ఆ మహిమలలో ఒకటి ఇంగ్లండు విద్యార్థి కథ. ఫ్రాన్సులో చదువు ముగించి స్వదేశమునకు పోవుచున్న ఒక యువకుడు, సోయ్‌సోన్ నగరమున షార్త్రకొఱకు విరాళములు వసూలు చేయు బోధకుని ప్రసంగము విన్నాడు. చేతిలో ధనము లేదు. ఉన్నదెల్ల తన ప్రియురాలికొఱకు కొనిపోవుచున్న బంగారు హారము. చాలసేపు తటపటాయించి చివఱకు దానినే సమర్పించినాడు. ఆ రాత్రి గడ్డిపాకలో పరుండియుండగా మరియమాత అతనికి సాక్షాత్కరించినది. ఆమె మెడలో ఆ హారమున్నది. ఈ కథ రిచర్డు రాజు చెవిని పడగా, ఫ్రెంచిరాజుతో తనకు యుద్ధము జరుగుచున్నను షార్త్ర వసూలుదారులు తన రాజ్యమున తిరుగుటకు అతడు అనుమతించెనని గ్రంథము చెప్పుచున్నది.

కావ్యదృష్టితో చూచినను ఈ కథ రసవంతమైనది. ఇందలి సున్నితత్వము తటపటాయింపులో నున్నది, మహిమలో కాదు. ప్రియురాలి మెడకు పోవలసిన హారము దైవమాత మెడకు పోయినది గాని, హారము హారముగనే యున్నది. అది కరగి నాణెములై కూలివారి చేతులకు పోవుట కథకుడు చూపడు. దానమిచ్చిన వానికి తన వస్తువు ఏమైనదని యుండు సందేహమునకు ఆ స్వప్నము సమాధానము. వసూలుదారు లీ కథను ఊరూర చెప్పుచుండగా వినుచున్న శ్రోతల ముఖములు మనకు కనబడుచున్నవి. షార్త్ర నిర్మాణమునకు ధన మెట్లు వచ్చినదను ప్రశ్నకు, ప్రచారకులు ఏ మార్గమున తిరిగిరి, ఎట్టివారిని ఉద్దేశించి మాటాడిరి అను ప్రశ్నలకు ఈ అద్భుతకథయే ఆధారము. స్వప్నమును తొలగించిన పక్షమున మిగులునది 'ఒక విద్యార్థి హారమిచ్చెను' అను వాక్యము. అట్టి విద్యార్థి యొకడు ఉండెనని చెప్పుటకు మఱి యే ఆధారమును లేదు.

జాన్ లె మర్షాన్ అనువాదమును గూర్చి ఒక్క మాట. అతడు మూలమును విధేయతతోనే అనుసరించినాడు. ఊపు కలదు, లోతు తక్కువ. అతని నాటికి ఆలయము నిలిచియున్నది. అవసరము తీఱిన పిదప పలికిన కవిత్వము గావున లాటిన్ వచనమునందలి ఆతురత దానిలో లేదు.

ఇక బండ్లు లాగిన కథ. షార్త్రనుగూర్చి వ్రాసిన వారిలో దీనిని విడిచినవారు లేరు. రాజులు, ప్రభువులు, సుకుమారులగు స్త్రీలు ఎద్దులవలె కాడికి మెడలొగ్గి, రాళ్లు, సున్నము, ధాన్యము, కలప నింపిన బండ్లను లాగిరట. వేయిమందికి పైగా లాగుచున్నను మాట వినబడదట. బండి ఆగినచోట పాపములు ఒప్పుకొనుటయు, పగలు మఱచుటయు జరిగెడిదట. శత్రువును క్షమింపనొల్లని వాని కానుకను బండినుండి క్రిందికి త్రోసెడివారట. ప్రజలందఱు ఏకహృదయమై ఆలయమును లేపిరను భావమునకు ఈ వర్ణనయే మూలాధారము. అమెరికను చరిత్రకారుడు హెన్రీ ఆడమ్స్ 1904లో మిత్రులకొఱకు అచ్చువేయించిన గ్రంథము 1913లో లోకమునకు వెల్లడియైనది. షార్త్రను మరియమాత స్వయముగా కట్టించుకొన్న రాజప్రాసాదముగా అందు చిత్రించినాడు. ఈ బండ్ల లేఖ అతని చేతిలో కావ్యమైనది. గ్రంథము మనోహరము, మేము దానిని పలుమాఱులు చదివితిమి. అందువలననే అది చేసిన హానిని చెప్పవలసియున్నది.

ఈ వర్ణన వ్రాసినవాడు సెయింట్ పియెర్ సూర్ దీవ్ మఠాధిపతి హేమోను. కాలము 1145. వ్రాసినది ఇంగ్లండునందలి టట్‌బరీ మఠవాసులకు. ఆ మఠము హేమోను మఠమునకు అనుబంధము. అతడు వర్ణించినది నార్మండీలోని తన ఆలయనిర్మాణమును. ఈ యాచారము మొదట షార్త్రలో పుట్టినదను విషయము అదే కాలమున రువాన్ ఆర్చిబిషప్పు హ్యూ వ్రాసిన లేఖవలన తెలియుచున్నది. తోరిన్యీ రాబర్టు తన చరిత్రలోను షార్త్ర బండ్ల ప్రసక్తి చేసినాడు. కావున షార్త్రలో జనులు బండ్లు లాగిన మాట అబద్ధము కాదు. కాని ఆ కన్నీళ్లు, ఆ మౌనము, ఆ క్షమాపణలు హేమోను తన మఠమునుగూర్చి చెప్పినవి. అవి షార్త్రకు బదిలీయైనవి. అంతటితో ఆగలేదు. 1145లో కట్టుచుండినవి పడమటి శిఖరములు, ద్వారశిల్పములు. తక్కిన ఆలయమంతయు 1194 తరువాతిది. ఏబది యేండ్ల నాటి వేఱొక చోటి వర్ణనను తెచ్చి నేటి ఆలయమున కంతటికిని పూసినారు. ఇందు అద్భుతము కలదా? చాల స్వల్పము. స్వచ్ఛంద శ్రమ, భక్తి, ఐకమత్యము, అన్నియు నమ్మదగినవే. వడపోతకు చిక్కనిది ఇట్టి గాథయే. చిక్కనందున అది సుమారు నూఱేండ్లపాటు పాఠ్యగ్రంథములలో చరిత్రగా చెలామణి యైనది.

ఆ ఐకమత్యము మాట యట్లుండ, 1210లో ఏమి జరిగినదో చూతము. ఆలయము సగము లేచినది. ఆ సంవత్సరమున పౌరులు ఆలయాధికార మండలికి అగ్రగణ్యుడైన డీను ఇంటిపై పడిరి. నగరము కౌంటు ప్రభువుది, ఆలయప్రాకారము కానన్లది. ప్రాకారము లోపల వర్తకము చేయువారు కౌంటునకు పన్ను చెల్లించనక్కఱలేదు. ఎవరు ఎవరి మనుష్యులు, ఎవరిని విచారించు అధికారము ఎవరిది అను తగవులు నిత్యము రగులుచుండెడివి. కానన్లు నగరమును వెలివేసిరి. ఫిలిప్పు రాజు జోక్యము చేసికొని పౌరులకు జరిమానా విధించెను. బండ్లు లాగినట్లు చెప్పబడిన పౌరుల మనుమలు వీరే. బండికథ యెఱిగిన విద్యార్థులలో నూటికొకరైనను ఈ తగవు నెఱుగరు. గాథ ఒక విషయమును చెప్పుటచేతనే మఱొక విషయమును మఱపించునని మా అభిప్రాయము.

ఆలయపు రంగుటద్దముల గవాక్షములు సుమారు 176. వానిలో నలుబదికి పైగా గవాక్షములందు రొట్టెలు కాల్చువారు, ద్రాక్షసారాయి అమ్మువారు, నాణెములు మార్చువారు, బండిచక్రములు చేయువారు, చెప్పులు కుట్టువారు, శిల్పులు తమ పనిలోనుండగా చిత్రింపబడిరి. వారివారి వృత్తిసంఘములు భక్తితో సమర్పించిన కానుకలివి యని చిరకాలము చెప్పుచువచ్చిరి. 1993లో జేన్ వెల్చ్ విలియమ్స్ రొట్టె, మద్యము, ధనము అను మూడింటిని ఆధారము చేసికొని వ్రాసిన గ్రంథమున, ఆనాటికి షార్త్రలో అట్టి సంఘములు బలపడి యుండలేదనియు, ఆ చిత్రములు మతాధికారులు కోరిన సమాజచిత్రమును చూపుచున్నవనియు వాదించెను. ఆమె వాదమునందలి ప్రతి యంశమును అందఱు అంగీకరింపలేదు. మాకును కొన్నియెడల అది బిగువెక్కువైనట్లు తోచినది. అయినను ఆ గవాక్షముల క్రింద నిలిచి, వంగి రొట్టెల గంపను మోయుచున్న మనుష్యుని చూచునపుడు, ఇతడు ఇచ్చినవాడా, ఇయ్యవలసివచ్చినవాడా అని అడుగుట నేర్పినందులకు ఆమెకు మనము ఋణపడియున్నాము.

ఆలయముయొక్క ప్రాచీనతను చెప్పు గాథలు మఱొక తెగకు చెందినవి. క్రీస్తుకు పూర్వమే డ్రూయిడులను గాల్ దేశపు పురోహితులు 'ప్రసవింపబోవు కన్య'కు ఇచ్చట విగ్రహము నిలిపిరని ఒక ప్రసిద్ధ గాథ. సీజరు తన గాల్ యుద్ధచరిత్ర ఆఱవ భాగమున, డ్రూయిడులు ఏటేట కార్నూటుల దేశములో, గాల్ భూమికి నడుబొడ్డుగా ఎంచబడు చోట, సమావేశమగుదురని వ్రాసినమాట నిజము. షార్త్ర కార్నూటుల నగరమే. కాని సీజరు నగరము పేరు చెప్పలేదు. కన్యనుగాని విగ్రహమునుగాని పేర్కొనలేదు. షార్త్రలో ఈ కథ వ్రాతకెక్కినది 1389 నాటి ఆలయచరిత్రలో. డ్రూయిడులు పూర్ణవేషములతో రంగప్రవేశము చేసినది అంతకంటె తరువాత. సెబాస్టియన్ రుయార్ 1609లో ప్రకటించిన 'పార్థేనీ' అందులకు ప్రసిద్ధ నిదర్శనము. 12వ శతాబ్ది తొలిపాదమున నోజాన్ మఠాధిపతి గిబెర్టు తన ఆశ్రమస్థలమునుగూర్చి సరిగా ఇట్టి కథనే చెప్పియుండుట గమనింపదగినది. కథ ఒక యూరి సొత్తు కాదు, అక్కఱగలవారు ఎత్తుకొన్నారు.

1609 నాటికి షార్త్ర అక్కఱ యేమి? 1568లో ప్రొటెస్టంటు సేనలు నగరమును ముట్టడించియుండెను. మరియమాత పూజ పిదప పుట్టిన కల్పనయని వారి వాదము. ఆ వాదమునకు, క్రీస్తుకంటెను ముందే ఆమె పూజ ఇచ్చట కలదనుటకంటె గట్టి ప్రత్యుత్తరమేమున్నది? అదే కాలమున ఫ్రెంచి పండితులకు తమ గాల్ పూర్వులపై అభిమానము పెరిగినది. రెండు పాయలు షార్త్ర భూగృహమున కలిసినవి. నేటి యాధునికులు కన్యను విడిచి 'ఏదో పూర్వదేవత యుండియుండును' అని వ్రాయుచున్నారు. ఇదియు వడపోతయే. 1389కి ముందు లేని కథకు క్రీస్తుపూర్వపు తాత్పర్యము కట్టుట అది. కాలిపోయిన విగ్రహమునుగూర్చిన పాతవర్ణనలను బట్టి అది మధ్యయుగపు దారుశిల్పమేయని పండితులు భావించుచున్నారు. 1793లో విప్లవకారులు దానిని దహించిరి. 1857లో క్రొత్తది నిలిపిరి.

భూగృహమునందలి బావి విషయమును ఇట్టిదే. లోతు సుమారు 33 మీటర్లు. 17వ శతాబ్దిలో పూడ్చివేయగా 1901లో రెనె మెర్లే దానిని మఱల కనుగొనెను. 11వ శతాబ్ది మఠలేఖకుడు 858లో నార్మనులు చంపినవారి దేహములు అందు పడినవని చెప్పగా, తరువాతి గాథ నార్మనులను తొలగించి రోమను అధికారిని, అతని కుమార్తె మోదెస్తాను ప్రవేశపెట్టినది. చంపినవారు మాఱిరి, చచ్చినవారు మాఱిరి. బావి మాత్రము మాఱలేదు. నేలమీది చిక్కుదారిపై యాత్రికులు మోకాళ్లతో ప్రాకి జెరూసలేము యాత్రాఫలమును పొందుచుండిరను మాటకు మధ్యయుగపు ఆధారము లేదు. దాని నడుమనుండిన లోహఫలకముపై గ్రీకు వీరుడు థీసియసు, వృషభరాక్షసుడు ఉండిరని 17వ శతాబ్ది సాక్ష్యము కలదు; ఫలకము విప్లవకాలమున పోయినది.

ఇవన్నియు పాతకాలపు మాటలని విద్యార్థులు తలంపవచ్చును గాన, ఇటీవలి గాథ నొకదానిని చెప్పి విరమింతుము. 1939లో యుద్ధము రాగానే గవాక్షములను ఊడదీసి భద్రపఱచిరి. 1944 ఆగస్టు 16న అమెరికను సేనలు షార్త్రలో ప్రవేశించినపుడు కథీడ్రల్‌పై కాల్పులు జరుగుచుండెను. శిఖరమున జర్మను సైనికులుందురని అనుమానము. వెల్బర్న్ గ్రిఫిత్ అను కర్నలు లోపలికి పోయి వెదకి, శత్రువులు లేరని తెలిసికొని, కాల్పులు నిలుపుమని సంకేతమిచ్చెను. అదే దినమున సమీపమునందలి లేవ్ గ్రామమున అతడు మరణించెను. మరణానంతర మిచ్చిన పతకపు ప్రశంసాపత్రమున ఈ విషయము పేర్కొనబడినది. పిమ్మటి కథనములు కొన్నింటిలో అతడు శిఖరమెక్కి గంట మ్రోగించినాడు. ప్రశంసాపత్రమునందలి సంకేతము గంటగా ఎప్పుడు మాఱినదో, మొదట ఎవరు మ్రోగించిరో, ఏ స్మారకోత్సవమున ఎవరి యెదుట ఆ మాట పలుకబడినదో వెదకుటకు వలసిన వార్తాపత్రికలు, సైనికపత్రములు నేటికిని అందుబాటులో నున్నవి. హేమోను విషయమున మనకు దక్కని భాగ్యమది.